కాలి వేళ్లకి రక్తం సరిగా అందకపోతే: ఇంట్లో ఏం చూడాలి, డాక్టరుకి ఏం చెప్పాలి

కాలివేలు చల్లబడింది, రంగు మారింది, తిమ్మిరి పట్టి వదలడం లేదు అంటే మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ముందుగా వినిపించే మాట "నరాల బలహీనత". ఆ మాట నమ్మి నెలల తరబడి బలం మాత్రలు మింగుతారు, నీరసమనిపించినప్పుడల్లా సెలైన్ పెట్టించుకుంటారు. ఈలోగా వేలి కొస నల్లబడుతుంది. నరం దెబ్బతినడం వేరు, రక్తం అందకపోవడం వేరు. ఒక్కోసారి రెండూ ఒకే కాలిలో ఉంటాయి. ఏది ఎంతో తేల్చడానికి మొదట చేయాల్సిన పని పాదం మీద నాడి పట్టి చూడటం. అర నిమిషం పని. ఎన్నో కాళ్ల విషయంలో ఆ అర నిమిషమే ఎవరూ కేటాయించడం లేదు.

వేలిలో మార్పు కనిపించినప్పుడు రెండు ప్రశ్నలకు జవాబు కావాలి. అది ఎంత వేగంగా వచ్చింది? పాదంలో నాడి అందుతోందా?

ఉన్నట్టుండి వస్తే ఆగకూడదు

నిన్నటిదాకా బాగున్న కాలు కొన్ని గంటల్లోనే చల్లబడి, పాలిపోయి, భరించలేని నొప్పి పుట్టి, ఆపైన మొద్దుబారుతోందంటే ధమని ఎక్కడో పూర్తిగా మూసుకుపోయిందని అనుకోవాలి. గుండె లయ తప్పినవాళ్లలో, చిన్నప్పుడు కీళ్లవాతపు జ్వరం వచ్చి గుండె కవాటం పాడైనవాళ్లలో గుండెలో కట్టిన రక్తపు గడ్డ జారి వచ్చి కాలి ధమనిలో ఇరుక్కుంటుంది. రక్తం పలచబరిచే మాత్ర వాడుతూ మధ్యలో మానేసినవాళ్లకి ఈ ముప్పు ఎక్కువ. ముందునుంచే ధమని సన్నబడి ఉన్నచోట కొత్తగా గడ్డ కట్టినా ఇదే జరుగుతుంది.

రక్తం అందకుండా కాలి కండరాలు, నరాలు తట్టుకునే సమయం సుమారు 6 గంటలు. వేళ్లు కదపలేకపోతున్నా, తాకితే తెలియకపోయినా అందులో చాలా భాగం అయిపోయిందని అర్థం. వెంటనే 108కి ఫోన్ చేసి "కాలు ఉన్నట్టుండి చల్లబడింది, నాడి అందడం లేదు" అని చెప్పండి. ఎన్ని గంటలకు మొదలైందో ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. ఆసుపత్రిలో అడిగే మొదటి ప్రశ్న అదే.

వెళ్లేటప్పుడు కాలిని ఎత్తు మీద పెట్టకూడదు. గుండె కంటే కొంచెం కిందకే ఉంచి, మెత్తని బట్ట వదులుగా చుట్టండి. వేడి కాపడం వద్దు, నూనె పెట్టి తోమడం వద్దు. ఆపరేషన్ చేయాల్సి రావచ్చు కాబట్టి తినడానికి, తాగడానికి ఏమీ పెట్టవద్దు. ఇచ్ఛాపురం, కవిటి వైపు నుంచి శ్రీకాకుళం వంద కిలోమీటర్లకు పైనే. అక్కణ్ణించి విశాఖ దాదాపు ఇంకో వంద. ఆ చివర ఊళ్లవాళ్లకి ఒడిశాలోని బరంపురం పెద్దాసుపత్రే దగ్గర. ఒక ఆసుపత్రిలో దిగి అక్కణ్ణించి మరోచోటికి వెళ్లాల్సి వస్తే, గడ్డ పెరగకుండా హెపారిన్ ఇప్పుడే మొదలుపెట్టవచ్చా అని పంపే డాక్టరునే అడగండి. ఇవ్వచ్చో లేదో నిర్ణయం ఆయనదే. ఆ మాట అడగడం మీ పని.

షుగర్ ఉన్నవాళ్ల పుండు వాసన కొడుతూ, చుట్టూ ఎర్రబడి పైకి పాకుతూ, చలిజ్వరం వస్తే అదీ ఇదే తొందర. తెల్లారేదాకా చూడకూడదు.

నిదానంగా వచ్చిన మార్పుని ఇంట్లో చూసే పద్ధతి

ఎండలోంచి గానీ చన్నీళ్లలోంచి గానీ వచ్చిన వెంటనే చూస్తే తప్పుగా తోస్తుంది. పది నిమిషాలు మంచం మీద పడుకోబెట్టి, పగటి వెలుతురులో రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటి మధ్య తేడా చాలా విషయం చెబుతుంది. రెండు పాదాలూ సమానంగా చల్లగా ఉంటే చలి, మందులు, రక్తహీనత, థైరాయిడ్ వంటివి కూడా కారణం కావచ్చు. ఒక్కటే చల్లగా ఉంటే ఆ కాలి ధమనిని అనుమానించాలి.

మన ఒంటి రంగు మీద పాలిపోవడం, నీలం తిరగడం తొందరగా తెలియవు. అరికాలు, గోరు కింది చర్మం, వేలి కింది మెత్తని భాగం చూడాలి. గోరింటాకు, పారాణి, నెయిల్ పాలిష్ ఉంటే గోరు ఏమీ చెప్పదు. అప్పుడు వేలి మెత్తనే ఆధారం. దాన్ని 5 సెకన్లు గట్టిగా నొక్కి వదలండి. తెల్లబడిన చోటికి 2 నుంచి 3 సెకన్లలో రంగు తిరిగి రావాలి. చలికి కూడా ఆలస్యమవుతుంది కాబట్టి ఈ ఒక్కదాన్నే పట్టుకుని నిర్ణయానికి రాకండి.

చేతి వెనక భాగంతో మోకాలి దగ్గర మొదలుపెట్టి వేళ్లదాకా తాకుతూ రండి. ఎక్కడ చల్లదనం మొదలైందో గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు నాడి. ఒక్కో పాదానికి రెండు చోట్ల చూడాలి. మొదటిది పాదం పైభాగంలో ఉంటుంది. బొటనవేలు పైకి లేపమంటే దాని వెంట ఒక స్నాయువు తాడులా తేలుతుంది. ఆ తాడుకి చిటికెనవేలి వైపున, పాదం మధ్యలో మూడు వేళ్లు ఆనించండి. రెండోది లోపలి చీలమండ ఎముకకీ మడమకీ మధ్య ఉన్న పల్లంలో. గట్టిగా నొక్కితే నాడి అణిగిపోతుంది, మీ వేళ్లలోని సొంత నాడే వినిపిస్తుంది. అందుకే బొటనవేలితో చూడకూడదు, మెత్తగా ఆనించి పది సెకన్లయినా ఆగాలి. ముందు ఆరోగ్యంగా ఉన్న కుర్రాడి పాదం మీద రెండు మూడుసార్లు ప్రయత్నిస్తే చోటు చేతికి అలవాటవుతుంది. పాదం పైభాగపు నాడి పుట్టుకతోనే అందనివాళ్లు కొద్దిమంది ఉంటారు. చీలమండ దగ్గరిది బాగా కొట్టుకుంటూ ఉంటే కంగారు అక్కరలేదు. రెండూ అందకపోతే ఆ వారంలోనే డాక్టరుకి చూపించాలి. పుండు గానీ, విశ్రాంతిలో నొప్పి గానీ తోడైతే వారం కూడా ఎక్కువ, మర్నాడే వెళ్లాలి.

ఇంకో పరీక్ష. వెల్లకిలా పడుకోబెట్టి కాలిని సుమారు 45 డిగ్రీలు పైకెత్తి నిమిషం రెండు నిమిషాలు పట్టుకోండి. అరికాలు తెల్లగా పాలిపోయి, తర్వాత మంచం అంచున వేలాడదీస్తే ముదురు ఎరుపుకి తిరిగితే రక్తం బాగా తగ్గిందని గుర్తు. వేలాడే కాలు ఎర్రగా ఉంది కాబట్టి రక్తం బాగానే పారుతోందని చాలామంది మోసపోయేది ఇక్కడే.

చివరగా స్పర్శ. కళ్లు మూసుకోమని చెప్పి, ఒక్కో పాదంలో బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసల్ని మీ చూపుడువేలితో ఒకటి రెండు సెకన్లు తేలిగ్గా తాకండి, నొక్కవద్దు. రెండు పాదాలకి కలిపి ఆరు చోట్లు. రెండు లేదా అంతకన్నా ఎక్కువ చోట్ల తెలియలేదంటే నరాలు దెబ్బతిన్నాయి. అలాంటి పాదానికి ముల్లు గుచ్చుకున్నా, చెప్పు ఒరుసుకున్నా నొప్పి తెలియదు.

వేళ్ల మీద వెంట్రుకలు రాలిపోవడం, చర్మం నున్నగా మెరవడం, గోళ్లు మందంగా పెరగడం, చిన్న గీత కూడా రెండు వారాలకు మానకపోవడం రక్తం చాలాకాలంగా తక్కువగా ఉందని చెబుతాయి. వేళ్ల సందులు విడదీసి తప్పకుండా చూడండి. ఊడుపులప్పుడు రోజంతా బురదనీటిలో నిలబడేవాళ్లకి అక్కడ చర్మం నాని చీలుతుంది. రక్తం బాగా అందే కాలికి అది వారంలో మానిపోతుంది. రక్తం అందని కాలికి వేలు పోవడం అక్కణ్ణించే మొదలవుతుంది.

పొగాకు

మిగతా కారణాలన్నిటి కంటే దీని మీద ఎక్కువ చెప్పాలి. పొగాకు ధమని గోడని పాడుచేసి కొవ్వు పేరుకునేలా చేస్తుంది. ఇది యాభై దాటినవాళ్లలో ఎక్కువ. కానీ 45 ఏళ్ల లోపు మగవాళ్లలో, షుగర్ గానీ కొలెస్ట్రాల్ గానీ లేకుండా కాలివేళ్లు నల్లబడుతుంటే ముందు తలచుకోవాల్సిన జబ్బు బర్జర్ వ్యాధి. పాదాల, చేతుల చిన్న ధమనుల్లో వాపు పుట్టి గడ్డలు కట్టి మూసుకుపోతాయి. మొదట నడిస్తే అరికాలి వంపులో నొప్పి వస్తుంది, చలికి వేళ్లు తెల్లబడతాయి, చర్మం కింద సిరలు అక్కడక్కడ ఎర్రగా నొప్పిగా తేలతాయి. ఆ తర్వాత వేలికొసన పుండు. దీన్ని ఆపేది పొగాకు పూర్తిగా మానడం ఒక్కటే. కట్టకి బదులు రోజుకి రెండు బీడీలు అనే బేరం ఇక్కడ పనికిరాదు, ఆ రెండూ చాలు జబ్బు రగులుతూ ఉండటానికి. నమిలే పొగాకు, గుట్కా, ఖైనీ కూడా మానాలి. పూర్తిగా మానినవాళ్లలో చాలామందికి కాలు దక్కుతుంది. ఇంత స్పష్టంగా రోగి చేతిలోనే ఉన్న జబ్బులు చాలా తక్కువ.

మన తీరప్రాంతానికి ఇంకో మాట అవసరం. ఇక్కడి పల్లెల్లో పెద్ద వయసు ఆడవాళ్లు కొందరు చుట్టని నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. అది అంగిలికి చేసే హాని గురించి నోటి డాక్టర్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. కాలి దగ్గరికి వచ్చేసరికి ఆ ప్రస్తావన రాదు. "సిగరెట్ అలవాటుందా అమ్మా?" అని డాక్టరు అడిగితే "అబ్బే, లేదు బాబూ" అంటారు. అది అబద్ధం కాదు, వాళ్ల లెక్కలో చుట్ట సిగరెట్ కాదు. పక్కనున్న కొడుకో కోడలో "అడ్డపొగ తాగుతుందండి, ఇన్నేళ్లుగా, రోజుకిన్ని" అని చెప్పాలి. చుట్ట, బీడీ, ఖైనీ, కిళ్లీలో వేసుకునే పొగాకు, ఏదైనా సరే పేరు పెట్టి చెప్పండి.

షుగర్, కొవ్వు, బీపీ

షుగర్ ఎక్కువగా మోకాలి కింది సన్నని ధమనుల్ని పట్టుకుంటుంది, అదే సమయంలో నరాల్నీ మొద్దుబారుస్తుంది. అందుకే షుగర్ ఉన్నవాళ్లకి రక్తం తగ్గినా నొప్పి తెలియకపోవచ్చు. "నొప్పి లేదు కదా" అన్న ధీమా వాళ్లకి పనికిరాదు.

ధమని పూడిక నెమ్మదిగా పెరిగేవాళ్లలో తొలి గుర్తు నడకలో కనిపిస్తుంది. కొంత దూరం నడిచాక పిక్క పట్టేసి ఆగాల్సి వస్తుంది, నిలబడితే కొద్ది నిమిషాల్లో తగ్గుతుంది, మళ్లీ అంతే దూరానికి వస్తుంది. నడుము వెన్నుపూసల్లో నరం నొక్కుకున్నా నడిస్తే కాళ్లు లాగుతాయి. కానీ ఆ నొప్పి నిలబడితే పోదు, కూర్చుంటేనో ముందుకి వంగితేనో తగ్గుతుంది. ఎన్ని కరెంటు స్తంభాలు దాటాక నొప్పి వస్తోందో లెక్కపెట్టి రాసుకోండి. "కాళ్లు పీకుతున్నాయి" అని చెప్పడం కంటే "ఆరో స్తంభం దగ్గర ఆగిపోతున్నాను, పోయిన నెల పది దాటేవాణ్ణి" అంటే డాక్టరుకి జబ్బు ఏ వేగంతో నడుస్తోందో తెలుస్తుంది.

ఆ పైమెట్టు రాత్రి నొప్పి. పడుకుంటే వేళ్లలో, పాదంలో నొప్పి మొదలై, కాలు మంచం కిందకి వేలాడదీస్తేనో లేచి నాలుగడుగులు వేస్తేనో తగ్గుతుంది. కుర్చీలో కూర్చునే నిద్రపోయే స్థితి వచ్చిందంటే కాలు ప్రమాదంలో ఉంది. దీన్ని నిద్రలో ఉన్నట్టుండి పిక్క కండరం పట్టేయడంతో కలపవద్దు. అది క్షణాల్లో గట్టిపడి, తోమితే వదులుతుంది.

తక్కువగా కనిపించే కారణాలు

చలికి వేళ్లు ముందు తెల్లగా, తర్వాత నీలంగా, వేడెక్కేటప్పుడు ఎర్రగా మారితే దాన్ని రేనాడ్ అంటారు. చలికాలం ఏజెన్సీ ఊళ్లలో ఉండేవాళ్లకి, ఐసులో చేపలు సర్దేవాళ్లకి ఇది బయటపడుతుంది. చిన్న వయసులో మొదలై రెండు వైపులా సమానంగా ఉంటే చాలామటుకు ప్రమాదం లేదు. ముప్పై దాటాక కొత్తగా వచ్చినా, కీళ్లనొప్పులు, చర్మం బిగుసుకోవడం, వేలి కొసల్లో పుండ్లు తోడైనా కీళ్లవాతాల డాక్టరుకి చూపించాలి.

గుండెదడకి, బీపీకి, తలనొప్పికి ఇచ్చే ప్రొప్రనలాల్, అటెనలాల్ వంటి మందులు వేళ్లని చల్లబరచగలవు. మైగ్రేన్‌కి వాడే ఎర్గొటమిన్ ధమనుల్ని గట్టిగా బిగించేయగలదు. వీటిని సొంతంగా ఆపేయకండి, మందుల చీటీ తీసుకెళ్లి అడగండి.

పాదంలో నాడి బాగానే కొట్టుకుంటున్నా ఒకటి రెండు వేళ్లు హఠాత్తుగా నీలం మచ్చలు పడి నొప్పెడుతుంటే, పై ధమని గోడ నుంచి కొవ్వు తునకలు ఊడివచ్చి వేళ్లలో ఇరుక్కుని ఉండవచ్చు. ఈమధ్య గుండెకి యాంజియోగ్రామ్ జరిగి ఉంటే ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. వేళ్లు ఎర్రగా భగభగ మండుతూ, చన్నీళ్లలో పెడితే హాయిగా ఉంటే రక్తకణాలు ఎక్కువైన జబ్బు కావచ్చు, మామూలు రక్తపరీక్షతోనే మొదటి ఆనవాలు దొరుకుతుంది. గిరిజన కుటుంబాల్లో మానని కాలిపుండుకి సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగే పుట్టుక జబ్బు) పరీక్ష కూడా చేయించాలి.

కాలికి పెట్టుకున్నవి, కట్టుకున్నవి

వాచిన వేలికి మెట్టె బిగుసుకుంటే రక్తం ఆగిపోతుంది. కాలు వాపు ఎప్పుడు మొదలైనా, అది గర్భంతో వచ్చినా, కిడ్నీ జబ్బుతో వచ్చినా, దెబ్బ తగిలి వచ్చినా, ముందు మెట్టెలు తీసేయాలి. ముత్తైదువలు వెనకాడతారు. వాళ్ల మనసు నొప్పించకుండా, వాపు తగ్గాక మళ్లీ పెట్టుకోవచ్చని పెద్దవాళ్లతో చెప్పించండి. కాలు ఎత్తుమీద పెట్టి, చన్నీళ్లలో 5 నిమిషాలు ఉంచి, సబ్బు నురగో కొబ్బరినూనో రాసి తిప్పుతూ లాగితే మెట్టె జారుతుంది. చుట్లు చుట్లుగా ఉండే మెట్టెనైతే కొస పట్టుకుని విప్పదీయవచ్చు. వేలు నీలంగా మారితే ఈ ప్రయత్నాలతో సమయం పోగొట్టకుండా ఆసుపత్రిలో కోయించండి. చీలమండకి కట్టిన నల్లతాడుకి కూడా ఇదే మాట. తాడు కింద మీ చూపుడువేలు సులువుగా దూరాలి.

పసిబిడ్డ ఎందుకో తెలియకుండా గుక్కపట్టి ఏడుస్తుంటే మేజోళ్లు విప్పి ప్రతి వేలూ చూడండి. తల్లి రాలిన వెంట్రుకో, మేజోడు లోపలి దారమో వేలికి చుట్టుకుని కోసుకుపోతుంది. పైకి ఎర్రని గీతలా మాత్రమే కనిపిస్తుంది. తీయడానికి రాకపోతే వెంటనే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

పాము కరిచినప్పుడు పైన తాడు బిగించి కట్టడం ఇంకా సాగుతోంది. దానివల్ల విషం ఆగదు, కాలికి రక్తం ఆగుతుంది. కాలు కదలకుండా ఉంచి 108లో తీసుకెళ్లడమే సరైన పని.

రక్తం తగ్గినట్టే కనిపించేవి

అరికాళ్ల మంటలు, సూదులు గుచ్చినట్టుండటం, రెండు పాదాల్లో సమానంగా మేజోడు తొడిగినట్టు తిమ్మిరి, పాదం మాత్రం వెచ్చగా, నాడి బాగా ఉండటం: ఇది నరాల జబ్బు. షుగర్, మద్యం, బీ12 లోపం దీనికి ప్రధాన కారణాలు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బీ12 తగ్గుతుంది, పరీక్ష చేయించడం మంచిది. ఒంటిమీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చ ఉంటే కుష్ఠు కావచ్చు. పీహెచ్‌సీలో చూపిస్తే మందులు ఉచితంగా ఇస్తారు. బొటనవేలి మొదలు ఒక్క రాత్రిలో ఎర్రగా ఉబ్బి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతే అది గౌట్, అంటే యూరిక్ యాసిడ్ పేరుకుని వచ్చే కీలు వాపు.

మన తీరంలో బోదకాలు పాత శత్రువు. వాపు దళసరిగా ఉంటే నాడి చేతికి అందదు. అది ధమని జబ్బు అని భయపడవద్దు, అలాగని లేదనీ అనుకోవద్దు, డాప్లర్ (రక్తం పారడాన్ని శబ్దతరంగాలతో పట్టే యంత్రం) పెడితేనే తెలుస్తుంది. సిరలు ఉబ్బి, చీలమండ చుట్టూ చర్మం నల్లబడి, లోపలి వైపు పుండు పడితే అది సిరల జబ్బు. వేళ్లు సాధారణంగా వెచ్చగానే ఉంటాయి. బోదకాలుకైనా, ఉబ్బిన సిరలకైనా బిగుతు పట్టీ కట్టేముందు ధమనులు బాగున్నాయని పరీక్ష జరగాలి. రక్తం తక్కువున్న కాలికి బిగుతు పట్టీ కడితే వేళ్లు పోతాయి.

డాక్టరు దగ్గర

దగ్గరి పీహెచ్‌సీలో బీపీ, షుగర్, పాదం నాడి చూపించుకోవచ్చు. అక్కణ్ణించి జిల్లా స్థాయికి, అంటే జనం ఇప్పటికీ రిమ్స్ అనే పిలిచే శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికో, విజయనగరం సర్వజన ఆసుపత్రికో వెళితే జనరల్ సర్జన్ చూస్తారు. ధమనికి స్టెంట్, బైపాస్ అవసరమైతే రక్తనాళాల సర్జన్ కావాలి. మన జిల్లాలవాళ్లకి అందుకు సాధారణంగా విశాఖే దారి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు, రేషన్ కార్డు, ఆధార్ వెంట ఉంచుకుని, చేరేముందే ఆసుపత్రిలోని పథకం కౌంటర్‌లో ఈ చికిత్స అందులోకి వస్తుందా అని అడగండి.

మేజోళ్లు, కట్లు విప్పి రెండు పాదాలూ చూపించండి. "డాక్టరు గారూ, రెండు కాళ్ల నాడి ఓసారి చూడండి" అని అడగడం తప్పు కాదు. ఎప్పుడు మొదలైంది, ఒక కాలా రెండా, ఎంత దూరానికి నొప్పి, రాత్రి లేపుతోందా, పొగాకు వివరం, గుండె జబ్బు, పక్షవాతం వచ్చాయా, వాడే మందులన్నీ: ఇవి ముందే కాగితం మీద రాసుకుంటే తొందరలో మరిచిపోరు.

మొదటి పరీక్ష ఏబీఐ. పడుకోబెట్టి పది నిమిషాలాగి, చేతికీ చీలమండకీ పట్టీ కట్టి చిన్న డాప్లర్ యంత్రంతో బీపీ కొలుస్తారు. చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తారు. చేతిలో 140, చీలమండ దగ్గర 98 ఉంటే 0.70 వస్తుంది. 1.0 నుంచి 1.4 మామూలు, 0.9 లేదా తక్కువైతే ధమని పూడిక ఉన్నట్టు, 0.4 కంటే తక్కువైతే కాలు ప్రమాదంలో ఉన్నట్టు. షుగర్ పాతబడినవాళ్లలో, కిడ్నీ రోగుల్లో ధమని గోడ సున్నం పేరుకుని గట్టిపడుతుంది, పట్టీ నొక్కినా అణగదు, అంకె 1.4 దాటుతుంది లేదా మామూలుగా ఉన్నట్టు చూపించి మోసం చేస్తుంది. అలాంటివాళ్లకి బొటనవేలికే చిన్న పట్టీ కట్టి కొలవాలి, ఆ బీపీని చేతి బీపీతో భాగిస్తే 0.7 కంటే తగ్గితే పూడిక ఉన్నట్టు. "ఏబీఐ బాగుంది" అని పంపేసినా పుండు మానకపోతే వేలి బీపీ గురించి అడగండి. తర్వాత డాప్లర్ స్కాన్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), కొలెస్ట్రాల్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), రక్తకణాల లెక్క, ఈసీజీ, గడ్డ అనుమానముంటే గుండెకి ఎకో చేస్తారు.

సీటీ యాంజియోగ్రామ్‌కి రంగుమందు ఎక్కిస్తారు, అది కిడ్నీల మీద భారం. కిడ్నీ జబ్బు ఎక్కువగా కనిపించే ఉద్దానం వాళ్లు ఇక్కడ ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు పుట్టి పెరిగినవాళ్లు తమకి కిడ్నీ జబ్బు లేదనుకున్నా తాజా క్రియాటినిన్ రిపోర్టు చేతిలో ఉండాలి, ఊరి పేరు కూడా డాక్టరుకి చెప్పాలి. మెట్‌ఫార్మిన్ ఆపాలా అని స్కాన్‌కి ముందే అడగాలి. కాలునొప్పికని దుకాణంలో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు కూడా కిడ్నీలకి చేటే.

చికిత్సలో కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్, గడ్డకట్టకుండా ఆస్పిరిన్ లేదా క్లోపిడోగ్రెల్ సాధారణంగా ఇస్తారు. వీటిని సొంతంగా మొదలుపెట్టకండి, కడుపులో పుండు ఉంటే రక్తస్రావం కావచ్చు. నడక నొప్పికి సిలోస్టజాల్ ఇవ్వబోతే గుండె బలహీనత ఉన్న సంగతి చెప్పాలి, వాళ్లకి అది కూడదు. పాదంలో పుండు లేకపోతే నడకే మంచి మందు. నొప్పి ఒక మోస్తరుగా వచ్చేదాకా నడిచి, ఆగి, తగ్గాక మళ్లీ నడవాలి. ఇలా 30 నుంచి 45 నిమిషాలు, వారానికి కనీసం 3 రోజులు, 12 వారాలు చేస్తే నడవగలిగే దూరం పెరుగుతుంది. నొప్పి రాకుండా జాగ్రత్తగా నడిస్తే ఇంత లాభం రాకపోవచ్చు.

పాదాన్ని కాపాడుకోవడం

చల్లగా ఉందని వేడినీళ్లలో పెట్టడం, వేడి ఇటుక కాపడం, కుంపటి దగ్గర చాపడం వల్ల ఎన్ని వేళ్లు పోయాయో లెక్కలేదు. రక్తం తగ్గిన చర్మం వేడిని మోసుకుపోలేదు, మొద్దుబారిన నరం మంటని చెప్పదు. ఊలు మేజోళ్లు చాలు. స్నానం నీళ్లు మోచేత్తో చూసి పోసుకోండి. వేళ్ల సందులు తడి లేకుండా తుడవండి. పాదానికి కొబ్బరినూనె రాయండి, సందుల్లో రాయవద్దు. గోళ్లు మూలలు తవ్వకుండా అడ్డంగా కత్తిరించండి. ఆణిని బ్లేడుతో చెక్కడం, ఆణి ప్లాస్టర్ అంటించడం వద్దు, అందులోని యాసిడ్ మంచి చర్మాన్నీ తినేస్తుంది. పుండుకి పసుపు, సున్నం, కిరసనాయిలు, ఆకుపసర్లు కూడా వద్దు. ఆ కాలికి సూది గానీ సెలైన్ గానీ పెట్టనివ్వకండి.

హవాయి చెప్పు పట్టీ బొటనవేలి సందులో ఒరిసి పుండు చేస్తుంది. వెనక పట్టీ ఉన్న, మెత్తని ఎంసీఆర్ (ఒక రకం మెత్తని రబ్బరు) అడుగున్న చెప్పులు కొనండి. కొత్తవాటిని మొదటివారం రోజుకి గంట మాత్రమే తొడిగి, విప్పగానే ఎర్రబడిన చోట్లు చూసుకోండి. అరసవల్లిలో, శ్రీకూర్మంలో మధ్యాహ్నపు రాతినేల మీద, పైడితల్లి సిరిమానోత్సవం జనంలో ఒట్టికాళ్లతో నడవడం స్పర్శ పోయిన పాదాలకి ప్రమాదం. దర్శనానికి తెల్లవారుజామునో పొద్దు వాలాకో వెళ్లి, ఇంటికి రాగానే అరికాళ్లు అద్దం పెట్టి చూసుకోండి.

పుండు ఉంటే ప్రతి ఆదివారం పొడవు, వెడల్పు స్కేలుతో కొలిచి తేదీతో రాసుకోండి, అదే వెలుతురులో ఫోటో తీయండి. రెండూ హెచ్చిస్తే వచ్చే అంకె 4 వారాల్లో సగానికి తగ్గాలి. తగ్గకపోతే కట్టు మార్చే మందు గురించి కాకుండా, ఆ కాలికి రక్తం ఎంత అందుతోందో మళ్లీ కొలవమని అడగండి. వేలు తీసేయాలని ఎవరైనా చెబితే, తీసేముందు రక్తనాళాల సర్జన్ చూశారా అన్న ప్రశ్న వేయండి. ధమని తెరవకుండా వేలు కోస్తే ఆ కోత కూడా మానదు.